ఒంటిచేతి ఈసురి కథ

పాండీశ్వరి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున ఆటో దగ్గరికి ఎవరూ రాలేదు. తమిళనాడు కోవిల్పట్టిలో తెలుగు కుటుంబాలుండే వాళ్ళ వీధి ఇరుకైనది. ఒక ఇంటి ముందు ఆటో ఆగితే చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి తొంగిచూడటం అక్కడ మామూలు. ఆ రోజు కొళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు మాటలాపి, ఆమె కుడిచేతి కట్టునూ మెడ మీద ఎర్రగా ముడుచుకున్న చర్మాన్నీ ఒకసారి చూసి, మళ్ళీ నీళ్ళ వైపు తిరిగిపోయారు. సెల్వలక్ష్మి మాత్రం సగం కూడా నిండని బిందెను నడుముకెత్తుకుంది.

"వొచ్చిందమ్మా పేయి పడం పిల్ల," అంది వీధంతా వినేటట్టు. "ఒకర్ని మింగింది చాల్లేదేమో."

సెల్వలక్ష్మి పరాయి మనిషి కాదు. ఇద్దరూ రోజూ ఒకే వేన్‌లో పక్కపక్కన కూర్చుని శివకాశి వైపు పటాసుల ఫ్యాక్టరీకి పోయి వచ్చినవాళ్ళే. ఆ "పేయి పడం" అనే దెయ్యాల సినిమా ఏమిటో సెల్వలక్ష్మికి బాగా తెలుసు. వేన్‌లో ఆ కథను నోరు తెరుచుకుని విన్నవాళ్ళలో ఆమె కూడా ఒకతి.

పాండీశ్వరికి ఇరవై రెండేళ్ళు. ఫోన్‌లో ఒక జపాన్ బొమ్మల సీరీస్ చూసేది, అరవంలోకి డబ్బింగ్ అయినది. చుట్టూ గోడ కట్టుకున్న ఒక నగరం. పొద్దుగూకితే గోడ అవతల నుంచి పొగ వస్తుంది. ఆ పొగలో నుంచి మనుషుల్ని తినే పొగమనుషులు వస్తారు. ఇసోరా అనే పిల్ల చెయ్యిని వాళ్ళు కొరికేస్తారు. మొండిచేతి నుంచి నల్లటి కత్తి ఒకటి మొలుస్తుంది. ఆ కత్తికి ఎదురులేదు. కానీ దాంతో ఒకర్ని నరికిన ప్రతిసారీ ఇసోరా తను ప్రేమించిన మనిషిని ఒకర్ని మరిచిపోతుంది. మొదట చెల్లెలి ముఖం పోయింది. తర్వాత తల్లి పాడిన జోలపాట పోయింది. అయినా ఆ పిల్ల నరుకుతూనే ఉంటుంది, నరక్కపోతే నగరం మిగలదు కాబట్టి.

వేన్ దారిలో సిగ్నల్ సరిగ్గా అందేది కాదు. ఒకరోజు వీడియో సగంలో ఆగిపోతే పక్కనున్న రాక్కమ్మాళ్ అడిగింది: "అట్ల మొగం పెట్టుకొని ఏం చూస్తావే రోజూ? నాకూ చెప్పు."

రాక్కమ్మాళ్‌కు యాభై దాటాయి. అందరికంటే పాతకాపు. పాండీశ్వరి ఆమెను అత్తా అని పిలిచేది. తమ ఇంటి తెలుగులోనే కథ మొదలుపెట్టి చెప్పింది. ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగారు. వెనకవాళ్ళు ముందుకు వంగారు. ఫ్యాక్టరీ గేటు వచ్చినా ఎవరూ దిగలేదు. అప్పట్నుంచి రాత్రి చూసింది పొద్దున వేన్‌లో చెప్పడం అలవాటైపోయింది. ఇసోరా పేరు రాక్కమ్మాళ్ నోట్లో పడి ఈసురి అయింది. వంతెన మీద ఏడు నోళ్ళ దొరతో ఈసురి యుద్ధం చేసిన రోజున డ్రైవరు సంగిలి కూడా పాట ఆపేసి చెవి ఇటు పెట్టాడు.

"మన సినిమాల్లో ఆడది ఏడుస్తాది. దీంట్లో నరుకుతాది," అనేది రాక్కమ్మాళ్. "అదీ కాక, మంచోళ్ళు కూడా చస్తారు సూడు ఇందులో. దేవుడు దిగొచ్చి కాపాడేసినాడు అని పొద్దుపోని కత చెప్పరు. అందుకే నాకు పిడిస్తాది, నచ్చుతాది."

పటాసుల మందు కలిపే గదుల్లో పనిచేసే ఆడవాళ్ళకు ఆ మాట ఎందుకు నచ్చిందో ఎవరూ విడమరిచి చెప్పుకోలేదు. అందరూ తలూపారు.

ఆ ఎండాకాలం ఆర్డర్లు ఎక్కువ వచ్చాయి. నలుగురు కూర్చోవలసిన గదిలో ఫోర్‌మన్ మారియప్పన్ పదిమందిని కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం పాండీశ్వరి మందు నింపిన గొట్టాల పళ్ళెం పట్టుకుని గుమ్మం దాటుతుండగా వెనక తెల్లగా వెలుగు లేచింది. శబ్దం తర్వాత వినిపించింది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి విరుదునగర్ ఆసుపత్రిలో ఉంది. కొందరు చిన్న గాయాలతో బయటపడ్డారు. రాక్కమ్మాళ్ బయటికి రాలేదు.

మంచం మీద ఉన్నన్నాళ్ళూ పాండీశ్వరి మళ్ళీ అదే సీరీస్ చూసింది. అన్న జెయకుమార్ మూడోరోజున ఆమె సంచి తెచ్చి ఇచ్చాడు. అందులో అన్నం డబ్బా, దువ్వెన, ఫోను ఉన్నాయి. చూడటానికి వచ్చిన వాళ్ళంతా "ఓర్చుకోమ్మా, అంతా మంచికే" అనేవారు. ఆ మాట వింటే ఆమెకు కాలిన చోటకంటే ఎక్కువ మండేది. ఫోన్‌లో ఆ ఒంటిచేతి పిల్లను మాత్రం ఎవరూ ఓర్చుకోమనరు. ఆ పిల్ల పళ్ళు కొరుకుతుంది, అరుస్తుంది, ఎవరినీ చూసి నవ్వదు. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని పాండీశ్వరి ఆ కోపాన్ని కరువుతీరా చూసేది.

ఇంటికి వచ్చిన రెండోరోజున రాక్కమ్మాళ్ కూతురు దేవిప్రియ గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. ఆమె పెళ్ళయి అదే ఊళ్ళో కడలై మిఠాయి, అంటే వేరుశనగ చిక్కీ, చేసే చోట పనిచేస్తుంది. లోపలికి రాలేదు.

"మందు గదిలో కూచొని ఫోన్‌లో పేయి పడం సూసినావంట కదే? ఫోన్ వేడెక్కి నిప్పు పుట్టిందంట కదా? మా అమ్మ ఏం చేసిందే నీకు?"

"లేదక్కా. ఫోను గేట్‌కాడ..."

"తూ," అని ఉమ్మేసి వెళ్ళిపోయింది దేవిప్రియ.

పాండీశ్వరి తల్లి కరుప్పాయి వైపు తిరిగింది. "ఎవురమ్మా ఇట్ల చెప్పింది? ఫోన్లన్నీ గేట్‌కాడ సంచుల్లోనే కదా తగిలిస్తాము. అందరికీ తెలుసు కదా?"

కరుప్పాయి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. "అందురూ అదే అంటా ఉండారు," అంది. "ఫ్యాక్టరీకి సీలు ఏసినారు. వేను నిలిచిపోయింది. ఎవురింట్లోనూ పని లేదు. ఒక మనిషి తప్పు అని తేలిపోతే తొందరగా తెరుస్తారంట. నిన్నేమీ జెయిల్లో పెట్టరు, దెబ్బ తగిలిన పిల్లని. ఒప్పుకొనేస్తే నీకేం పోతాదే?"

"నువ్వు కూడానా అమ్మా?"

కరుప్పాయి చేట అందుకుని బియ్యం చెరిగింది. పాండీశ్వరికి ఆ చేట లాగి వీధిలోకి విసిరేయాలనిపించింది. కానీ చేయి లేవలేదు.

జెయకుమార్ వేన్‌కు ఆడవాళ్ళను కుదిర్చి పంపే పని చేసేవాడు. మారియప్పన్ చెప్పినట్టల్లా నడిచేవాడు. విరుదునగర్‌లో పేలుడు మీద విచారణ ఉందని కబురు వచ్చాక వాడి ధోరణి మారింది. ఒక మధ్యాహ్నం భోంచేసి చేయి కడుక్కుని వచ్చి, చెల్లెలి ముందు చాప మీద కూర్చున్నాడు.

"ఆ పేయి పడం ఇంట్లో ఉంటే ఇల్లు బాగుపడదే. పూసారి కూడా చెప్పినాడు. ఫోను ఇట్లియ్యి. కడిగి దేవుడికాడ పెట్టి కొత్తది కొనిస్తా."

మొదట ఆమె దీన్ని మామూలు తిట్టనుకుంది. ఆ సీరీస్ మీద వాడికి ఎప్పుడూ కోపమే. పెళ్ళి కావలసిన పిల్ల రక్తం కారే బొమ్మలు చూడటమేంటని ఎన్నోసార్లు అరిచాడు.

"సీరీస్ తీసేస్తాలే అన్నా. ఫోను ఏంటికి?"

"ఫోనే కావల్ల."

"ఏంటికి?"

వాడు కళ్ళు పక్కకు తిప్పాడు. ఆ చూపుతో పాండీశ్వరికి ఒక్కసారిగా అర్థమైంది. మందు గదిలో ఆమె చేతిలో ఫోను ఉంటే, ఆ గదితో పాటే కాలిపోవాలి. ఈ ఫోను కాలలేదు. గేటు దగ్గర సంచిలోంచి తీసుకొచ్చింది ఈ అన్నే. వీధికి ఆ మాట మొదట చెప్పింది కూడా ఈ అన్నే అయి ఉండాలి.

"నువ్వే కదా సంచి తెచ్చినావు," అంది నెమ్మదిగా. "నీకు తెలుసు కదరా!"

అన్నను రా అనడం అదే మొదలు. జెయకుమార్ లేచి ఆమె ఎడమచేయి పట్టి మెలిపెట్టాడు. ఫోన్ దిండు కింద ఉంది. ఆమె దిండు మీద పడి, కాలిన చేయి గోడకు తగిలి కేక పెట్టింది. ఆ కేకకు కరుప్పాయి పరుగెత్తుకొచ్చి కొడుకును భుజం పట్టి వెనక్కి లాగింది.

"రేపు విచారణకు పోను కారు వస్తాది," అన్నాడు వాడు రొప్పుతూ. "మారియప్పన్ సారే పంపిస్తా ఉండాడు. నాతో వచ్చి చెప్పినట్టు చెప్పల్ల. ఫోను కూడా అప్పుడిచ్చేయి. లేదంటే ఈ ఇంట్లో నీకు సోటు లేదు. సూసుకో."

మరుసటి ఉదయం వాడు కారు కోసం మెయిన్ రోడ్డుకు వెళ్ళగానే పాండీశ్వరి ఫోను జాకెట్‌లో దోపుకుని పెరటి దారిన బయటపడింది. కరుప్పాయి పెరట్లోనే బట్టలు ఉతుకుతోంది. చూసింది. కొడుకును పిలవలేదు, కూతుర్ని ఆపలేదు.

విరుదునగర్ బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్ళ వైపు ఒకే సీటు ఖాళీ. దాని పక్కన దేవిప్రియ కూర్చుని ఉంది. చనిపోయిన మనిషి తరఫున ఆమెను కూడా విచారణకు రమ్మన్నారు.

"ఈడ కూచోవొద్దు," అంది దేవిప్రియ.

పాండీశ్వరి కడ్డీ పట్టుకుని నిలబడింది. బస్సు కుదుపుకు కాలిన చేయి ఎవరికో తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సాత్తూరు దాకా ఓర్చుకుంది. అక్కడ దోసకాయలు అమ్మేవాళ్ళు ఎక్కి తోసేసరికి ఇక నిలబడలేక సీట్లో కూలబడింది. దేవిప్రియ కిటికీ వైపు జరిగింది.

"మా అమ్మ రాత్రి కూడు తినేటప్పుడు నీ కతే చెప్పేది," అంది బయటికి చూస్తూనే. "ఈసురి అట్ల చేసింది, ఈసురి ఇట్ల నరికింది అని. మా పిల్లోళ్ళు కూడా కూచొని వినేది. ఆ పేయే మింగింది మా అమ్మను."

పాండీశ్వరి జాకెట్‌లోంచి ఫోను తీసి ఆమె ఒడిలో పెట్టింది. "సూడక్కా. నా దగ్గర ఉండేది ఈ ఒక్క ఫోనే. యాడైనా కాలిందా?"

"కొత్తది కొనింటావు."

"ఈ మూల సూడు. అత్త చేతిలోంచి జారి వేన్లో పడింది, అప్పుడు పగిలింది. ఏడు నోళ్ళ దొర మొగం దగ్గరగా సూస్తానని అడిగి తీసుకొని, బయపడి వదిలేసింది."

దేవిప్రియ ఆ పగులును చూసింది. వేలితో తడిమింది. ఆ సంగతి తల్లి ఇంటికి వచ్చి చెప్పి, "పాండి నన్ను ఒక మాట కూడా అనలేదు" అని నొచ్చుకోవడం ఆమెకు గుర్తుంది. తర్వాత ఫోన్‌ను తిరిగి పాండీశ్వరి ఒడిలోకి విసిరింది.

"నువ్వు కాకపోతే మరి నేను ఎవుర్ని తిట్టల్ల?" అంది. "మారియప్పన్‌ను తిడతానా? వాడింటి గేటు కూడా తెరవరు. నువ్వు మా వీదిలో ఉండావు. రోజూ కనిపిస్తావు. నిన్నయితే తిట్టొచ్చు."

విరుదునగర్ వచ్చేదాకా ఇద్దరూ ఒకరి భుజం ఒకరికి తగలకుండా బిగుసుకుని కూర్చున్నారు.

విచారణ జరిగే ఆఫీసు వరండాలో అప్పటికే వీధివాళ్ళు ఉన్నారు. మారియప్పన్ పంపిన బండిలో వచ్చారు. సెల్వలక్ష్మి ఇస్త్రీ చీర కట్టుకుని, చెప్పవలసిన మాట పెదాలతో వల్లెవేసుకుంటోంది. మారియప్పన్ వరండా చివర స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. జెయకుమార్ పాండీశ్వరిని చూడగానే మెట్లు దిగి ఎదురొచ్చాడు.

"ఫోను తెచ్చినావా?" అన్నాడు పళ్ళు బిగించి.

"తెచ్చినా. లోపల విచారణ చేసే మేడమ్‌కు ఇస్తా."

లోపలి నుంచి ప్యూను పాండీశ్వరి పేరు పిలిచాడు. ఆమె ఫోను చేతిలోకి తీసుకుని ఒక అడుగు వేసింది. జెయకుమార్ దాన్ని లాక్కుని, సిమెంటు మెట్టు అంచుకేసి కొట్టాడు. అద్దం ముక్కలు వరండాలోకి చిమ్మాయి. మళ్ళీ ఎత్తి మళ్ళీ కొట్టాడు. మూడోసారికి ప్యూను వచ్చి వాడి చేయి పట్టుకున్నాడు.

ఆ శబ్దానికి విచారణ చేసే అధికారిణి గుమ్మంలోకి వచ్చింది. నడివయసు మనిషి, చేతిలో కళ్ళద్దాలు. "ఏం జరుగుతోంది ఇక్కడ?" అని అరవంలో అడిగింది.

"కుటుంబ విషయం మేడమ్," అన్నాడు జెయకుమార్, అరవానికి మారి. "పిల్ల రోజంతా దెయ్యాల సినిమాలు చూస్తుంది. అన్నగా భరించలేక పగలగొట్టాను."

పాండీశ్వరి ఆ ముక్కల వైపే చూస్తోంది. సెల్వలక్ష్మి అందుకుంది. "అవును మేడమ్, ఎప్పుడూ చూస్తుంది. మందు గదిలో కూడా చూసింది. ఆ ఫోను అక్కడే కాలిపోయింది. మేమంతా చూశాం."

"కాలిపోయిందా?" అంది అధికారిణి. "మరి ఇదేమిటి?"

సెల్వలక్ష్మి మారియప్పన్ వైపు చూసింది. మారియప్పన్ స్తంభం వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"అది వేరే ఫోను," అన్నాడు జెయకుమార్.

"కాదు." మెట్ల కింద నుంచి దేవిప్రియ పైకి వచ్చింది. "నేను చచ్చిపోయిన రాక్కమ్మాళ్ కూతుర్ని. ఈ ఫోను మూల మా అమ్మ చేతిలో పగిలింది. ఇంటికొచ్చి నాతో చెప్పింది. అదే ఫోను ఇది. ఇందాక బస్సులో నా ఒడిలో ఉంది. కాలలేదు. ఇతను ఇప్పుడు పగలగొట్టాడు, నా కళ్ళ ముందర."

పాండీశ్వరి ఆమె వైపు కృతజ్ఞతగా చేయి చాచబోయింది. దేవిప్రియ ఒక అడుగు వెనక్కి వేసి, ఈసారి ఇంటి తెలుగులో అంది: "నన్ను తాకవొద్దు. నీ కోసం చెప్పలేదు నేను. నువ్వు బయటికొచ్చినావు, మా అమ్మ రాలేదు. అది నేను ఎప్పుడూ మరవను."

అధికారిణి ప్యూనుతో ముక్కలన్నీ ఏరించి లోపల పెట్టించింది. పాండీశ్వరిని కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళు ఇప్పించింది. "ఇప్పుడు చెప్పమ్మా," అంది. పాండీశ్వరి చెప్పింది. గదిలో ఎంతమంది ఉన్నారో, ఫోన్లు ఎక్కడ పెట్టేవారో, సంచి ఎవరు తెచ్చారో అంతా చెప్పింది. అన్న పేరు కూడా గట్టిగానే పలికింది.

ఆమె మీద నింద పోయింది. మారియప్పన్ మీద కేసు నడిచింది. ఫోను పగలగొట్టినందుకు జెయకుమార్ పేరు కూడా అందులో చేరింది. కానీ ఫ్యాక్టరీ తెరుచుకోలేదు. వేను వేరే దారికి పోయింది. ఆ వీధి ఆడవాళ్ళు అగ్గిపెట్టెల పనికి, ఇళ్ళల్లో పనికి చెదిరిపోయారు. ముందు అబద్ధం పట్టుకుని తిట్టినవాళ్ళు ఇప్పుడు నిజం చెప్పినందుకు తిట్టారు. ఇంటి గోడ మీద ఎవరో బొగ్గుతో ఒంటిచేతి దెయ్యం బొమ్మ గీసి, కింద పాండీశ్వరి పేరు రాశారు. ఆ మర్నాడే జెయకుమార్ ఆమె బట్టల సంచి వీధిలో పెట్టి తలుపు వేసుకున్నాడు.

విరుదునగర్‌లో ఒక పప్పుల మిల్లులో పప్పు ఏరే పని దొరికింది. ఆడపిల్లలుండే హాస్టల్లో చోటు దొరికింది. గదిలో మరో పిల్ల పాండీశ్వరి మాటల్లో ఆ సీరీస్ సంగతి విని తన ఫోన్ ఇచ్చింది. మిగిలిన భాగాలు ఒక ఆదివారం పగలంతా కూర్చుని చూసింది. పొగమనుషుల్ని తయారుచేసింది గోడ లోపలి దొరలేనని తేలింది. అక్కడిదాకా ఆపకుండా చూసింది. కానీ చివర్లో ఈసురి పెద్దదొర ముందు కత్తి దించి, అతణ్ణి క్షమించి, వాన కురుస్తుంటే నవ్వింది. వయొలిన్లు మోగాయి. పాండీశ్వరికి ఒళ్ళు మండిపోయింది.

"ఇదేం ముగింపే? ఇంతమందిని చంపినోణ్ణి వదిలేస్తాదా?" అని ఫోను తిరిగిచ్చేసింది. ఆ పిల్ల నవ్వి, "అందరికీ ఈ చివరి భాగమే నచ్చింది అక్కా" అంది. పాండీశ్వరి నవ్వలేదు. ఇన్నాళ్ళూ తనతో పాటు పళ్ళు కొరికిన ఆ పిల్ల కూడా చివరికి ఓర్చుకోమనే వాళ్ళలో కలిసిపోయిందనిపించింది.

వానాకాలం మొదట్లో జెయకుమార్ మిల్లు గేటు దగ్గరికి వచ్చాడు. చిక్కిపోయాడు. భోజనాల వేళ ఆడవాళ్ళంతా నీడన కూర్చుని తింటున్నారు. వాచ్‌మన్ పిలిస్తే ఆమె గేటు దాకా వచ్చింది. తలుపు తీయలేదు.

"అమ్మకు బాగలేదు పాండి. నిన్నే తలుచుకుంటా ఉండాది."

"ఏమైంది?"

"ఏడుస్తా ఉంటాది. ఇంటికి రా." గొంతు తగ్గించి అన్నాడు: "కోర్టులో ఒక మాట మార్చి చెప్పేయి. ఫోను నీ చేతిలోంచే జారింది అని. అంతే. నువ్వు నా చెల్లెలివే కదా. మనలో మనకు ఏంది?"

"అమ్మకు బాగలేదా, నీకు బాగలేదా?"

జెయకుమార్ ముఖం నల్లబడింది. "ఇంత పగ ఎట్లొచ్చిందే నీకు? ఆ బొమ్మలు సూసి సూసి రాయివైపోయినావు."

"బొమ్మల్ని ఏమీ అనవొద్దు. అవి కూడా నీ మాదిరే క్షమించమంటాయి." గేటు కడ్డీని ఎడమచేత్తో పట్టుకుంది. కుడిచేతి వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. "నన్ను కాల్చింది మారియప్పన్. నువ్వు అంతా తెలిసీ నన్ను వాడికి పట్టిచ్చినావు. కోర్టులో అట్లే చెప్తా. అమ్మను బస్సెక్కించి పంపు, నేను సూసుకొంటా. నువ్వు మళ్ళీ ఈడికి రావొద్దు."

"రాను. సచ్చినా రాను," అని వాడు గేటును కాలితో తన్ని వెళ్ళిపోయాడు.

రెండు వారాల తర్వాత కరుప్పాయి ఒక్కతే వచ్చింది. చేతిలో గుడ్డసంచి ఉంది. కొడుకు పంపలేదు, తనే వచ్చానంది. హాస్టల్ వార్డెన్‌ను బతిమాలి పాండీశ్వరి ఆమెకు తన మంచం పక్కనే చాప వేసింది. తల్లి విచారణ సంగతి ఏమీ అడగలేదు. "ఆ రోజు నిన్ను ఒప్పుకోమనడం నా తప్పే" అనే మాట ఆమె ఎత్తుతుందేమోనని పాండీశ్వరి చాలాసేపు ఎదురుచూసింది. కరుప్పాయి ఎత్తలేదు. పాండీశ్వరి కూడా అడగలేదు, మరిచిపోనూ లేదు. కాసేపటికి లేచి, తల్లికి అన్నం పెట్టింది.